రెండు సెకన్ల మజిలీ

కాలేజీలో తెలుగు చెప్పుకొనే మనిషికి మోటారు పందేలతో ఏం పని అని మా స్టాఫు రూములో ఇప్పటికి చాలామంది అడిగారు. సంస్కృతం మేష్టారయితే ఒక అడుగు ముందుకు వేసి, "రథాల పందెమైతే కొంత నయం, గుర్రాలైనా ఉండేవి" అన్నారు. నేను వాదించలేదు. నాకు కారు నడపడం రాదు. పెట్రోలు వాసన తగిలితే తలనొప్పి. ఏ బండికి ఎన్ని గుర్రాల బలమో అడిగితే, చదవని పాఠంలోంచి ప్రశ్న వచ్చిన కుర్రవాడిలా కిటికీవంక చూస్తాను. అయినా రెండేళ్ళుగా మా ఇంట్లో శనివారం రాత్రి భోజనాలైన తరువాత జరిగేది ఒకటే. మా మామగారు పడకకుర్చీ టీవీ ముందుకు లాక్కుంటారు. ఇంటరు రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయి ఆయన పక్కన నేలమీద చతికిలబడుతుంది. మావారు పేపరు అడ్డం పెట్టుకొని నిద్రపోతారు. మిగిలిన ముగ్గురం మోటారు పందేల చిత్రాలు చూస్తాం.

కొత్త పందేలు కావు సుమండీ. నలుపూ తెలుపూ బొమ్మలతో, గీతలు పడి, మనుషులందరూ కాస్త గబగబా నడుస్తున్నట్టు కనిపించే పాత చిత్రాలు. షెల్ చమురు కంపెనీవారు 1950లలోనూ 60లలోనూ శ్రద్ధగా తీయించినవి కొన్ని. ఈమధ్య ఎవరెవరో ఆ పాత ముక్కలే ఏరి, వెనకాల ఫిడేలు పెట్టి, ముసలి డ్రైవర్లచేత కళ్ళు తుడిపించి తయారుచేసినవి మరికొన్ని. ఆ ఫిడేలు సంగతి తరువాత చెబుతాను. కార్లు పరుగెత్తుతున్నంతసేపూ నేను వత్తులు చేసుకుంటూ ఉంటాను. అవి ఆగినప్పుడే తలెత్తుతాను.

పందెం మధ్యలో కారు పక్కకు వచ్చి, టైర్లు మార్చుకొని, కావలసివస్తే చమురు పోసుకొని వెళ్ళడాన్ని పిట్ స్టాప్ అంటారు. పిట్ అంటే గొయ్యే. 1908లో ఫ్రాన్సులోని డియెప్‌లో జరిగిన పందెంలో మెకానిక్కులకోసం దారి పక్కన నిజంగానే కందకంలాంటిది తవ్వారట, పేరు అప్పటినుంచి నిలిచిపోయింది. ఈ మాట చదివి వినిపించగానే మా మామగారు, "ఇందులో వింతేముందమ్మా, మా డిపోలోనూ పిట్టు ఉండేది" అన్నారు. ఆయన ఆర్టీసీలో టైర్ల పనిలో ముప్ఫై అయిదేళ్ళు ఉండి 2003లో రిటైరయ్యారు. బస్సును గోతిమీదికి నడిపించి, మనిషి కిందికి దిగి దాని పొట్ట చూసేవాడన్నమాట.

నేను మాత్రం దీనికి మజిలీ అని పేరు పెట్టుకున్నాను. కాశీకి పోయేవాళ్ళు ఆగిన చోటల్లా ఒక కథ చెప్పుకొన్నారని మధిర సుబ్బన్న దీక్షితులుగారు సంపుటాలకొద్దీ రాశారు గదా. మజిలీ అంటే కథ చెప్పుకొనేంత తీరిక. మొదటిరోజుల్లో మోటారు పందేలలోనూ అంత తీరిక ఉండేది. 1906లో ఫ్రాన్సులో లె మాన్ దగ్గర జరిగిన మొదటి గ్రాండ్ ప్రీలో కారుమీద చెయ్యి వేసే హక్కు ఇద్దరికే ఉండేది, నడిపే డ్రైవరుకూ, అతని పక్కన కూర్చునే మెకానిక్కుకూ. పాత టైరును కత్తితో కోసి తీసి, కొత్తది తొడగడానికి పావుగంట పట్టేది. మిషలిన్ కంపెనీవారు ఊడదీసి బిగించడానికి వీలైన రిమ్ములు తెస్తే అది నాలుగు నిమిషాల లోపుకు దిగింది. ఆ రిమ్ములు పెట్టుకున్న రెనో కారే పందెం గెలిచింది.

టైరు మార్చే చోట ఆగితే "స్టెప్నీ" అనే మాట దగ్గర కూడా ఒక నిమిషం ఆగాలి. ఊళ్ళో ఏ రిక్షావాణ్ణి అడిగినా చెప్పే ఈ మాట ఎక్కడిదో తెలుసా? ఇంగ్లండు పక్కన వేల్సు దేశంలో లానెల్లి అనే ఊళ్ళో స్టెప్నీ వీధి ఉన్నది. కార్లకు అదనపు చక్రం ఇవ్వని రోజుల్లో, 1904లో, అక్కడ డేవీస్ సోదరులు ఇద్దరు అత్యవసరానికి తగిలించుకునే చక్రం కనిపెట్టి దానికి ఆ వీధి పేరు పెట్టారు. అక్కడివాళ్ళు ఆ మాట దాదాపు మరిచిపోయినా మనం నిలబెట్టుకున్నాం. ఇది చెబితే మామగారు నమ్మలేదు. ఫెరారీ జట్టులో చాలా ఏళ్ళు పెద్ద మెకానిక్కుగా పనిచేసినాయన పేరు నైజెల్ స్టెప్నీ అని మా అమ్మాయి చెప్పినప్పుడు మరీ నమ్మలేదు. "తల్లీ కూతుళ్ళు కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారు" అని మూడు రోజులు మాతో ముభావంగా ఉన్నారు.

ఆయన బాగా ఇష్టపడి మళ్ళీ మళ్ళీ పెట్టించుకునే చిత్రం ఒకటి ఉంది. 1950లో అమెరికాలో ఇండియనాపొలిస్ పందెంలో ఒక కారు ఆగడం. కారు వచ్చి నిలుస్తుంది. ఒకడు జాకీ ఎత్తుతాడు. ఒకడు సుత్తి పట్టుకొని చక్రం నడుమ రెక్కల నట్టును టంగు టంగుమని కొడతాడు. ఆ చక్రం ఊడదీసి, కొత్తది తొడిగి, మళ్ళీ సుత్తితో బిగించి, సుత్తి పట్టుకునే తరువాతి చక్రం దగ్గరికి వెళతాడు. ఇంకొకడు చమురు పోస్తాడు. డ్రైవరు లోపల కూర్చొని ఇదంతా తనది కానట్టు చూస్తూ ఉంటాడు. మొత్తం 67 సెకన్లు. ఆ బొమ్మ వెంటనే 2013లో మెల్‌బోర్నులో ఫెరారీ కారు ఆగడం చూపిస్తారు. ఎర్రబట్టలవాళ్ళు ఇరవైమంది కారుమీద పడినట్టే పడి లేస్తారు. ఏం జరిగిందో తెలిసేలోగా కారు లేదు.

మొదటిసారి చూచినప్పుడు మామగారు రెండోదాన్ని పట్టించుకోలేదు. సుత్తివాణ్ణే చూశారు. "ఆ నట్టుకు ఎడమవైపు ఒక మర, కుడివైపు ఎదురు మర ఉంటుంది. లేకపోతే చక్రం తిరుగుతూ తిరుగుతూ తన నట్టు తనే విప్పుకుంటుంది. మా లేలాండు బస్సులకూ అంతే" అన్నారు. ఆ తరువాత కాసేపటికి, "మా దగ్గర కొత్త కుర్రవాడు చేరితే మొదటి పాఠం పానా పట్టడం కాదు. విప్పిన నట్టు ఎక్కడ పెట్టావో చూసుకో అని" అన్నారు. ఆ మాట తరువాతి శనివారం ఒక జర్మనీ పందెం చూస్తున్నప్పుడు నాకు గుర్తుకు వచ్చింది.

అది 1957 ఆగస్టు 4. నూర్‌బుర్గ్‌రింగ్ అనే అడవి కొండదారి. ఒక్క చుట్టే దాదాపు 23 కిలోమీటర్లు, అలాంటివి 22 చుట్లు. అర్జెంటీనాకు చెందిన హువాన్ మాన్యుయెల్ ఫాంజియో మజెరాటీ కారు నడుపుతున్నాడు. వయస్సు 46. (నాకూ మొన్న సంక్రాంతికి 46 నిండాయి. అంచేత ఈ భాగం నేను వత్తులు పక్కన పెట్టి చూస్తాను.) ఎదుట ఫెరారీలలో మైక్ హాథార్న్, పీటర్ కాలిన్స్ అనే ఇంగ్లీషు కుర్రవాళ్ళు. ఫెరారీవారు ట్యాంకు నిండా చమురు పోసుకొని ఆగకుండా పోదామనుకున్నారు. మజెరాటీవారు సగం ట్యాంకే పోశారు. కారు తేలికవుతుంది, మెత్తని టైర్లు వేసుకోవచ్చు, చుట్టు చుట్టుకూ కొన్ని సెకన్లు సంపాదించి, ఆ సంపాదనతో మధ్యలో ఒకసారి ఆగవచ్చునని లెక్క. నెల మొదట్లో చీటీ కట్టి, నెలాఖరుకు వాడుకునే సంసారపు లెక్కవంటిదే.

పన్నెండో చుట్టు చివర ఫాంజియో ఆగేనాటికి సుమారు అరనిమిషం సంపాదించాడు. మెకానిక్కులు ఎన్నోసార్లు అభ్యాసం చేసిన పని. కానీ ఒక చక్రపు నట్టు చేజారి దొర్లి కారు కిందికి పోయింది. చిత్రంలో వాళ్ళు దానికోసం వెతకడం చూస్తుంటే మామగారు కుర్చీలో కూర్చోలేకపోయారు. "కింద! కిందనే ఉంది చూడరా!" అన్నారు, అరవై ఏళ్ళ కిందటి మనుషులతో, తెలుగులో. చివరికి కారు బయలుదేరేసరికి సంపాదించిన అరనిమిషమూ పోయి, ఫెరారీలకు యాభై సెకన్ల దాకా వెనకబడ్డాడు. మిగిలినవి పది చుట్లు.

ఆ పది చుట్లలో అతడు ఏం చేశాడో నేను మాటల్లో చెప్పలేను, చెప్పబోయి క్లాసులో ఒకసారి నవ్వులపాలయ్యాను. ఆ దారిమీది రికార్డును తనే కొట్టాడు, మళ్ళీ చుట్టులో తనే దాన్ని కొట్టాడు, మళ్ళీ మళ్ళీ కొట్టాడు. ఇరవయ్యో చుట్టు 9 నిమిషాల 17.4 సెకన్లలో పూర్తిచేశాడు. ఇరవై ఒకటో చుట్టులో ఫెరారీలను రెంటినీ దాటాడు. మూడున్నర సెకన్ల పైచిలుకు తేడాతో గెలిచాడు. అదే అతని చివరి గెలుపు, అయిదోసారి ప్రపంచ విజేత కావడమూ దానితోనే. అలాంటి తోలుడు అంతకుముందు ఎన్నడూ తోలలేదనీ, మళ్ళీ తోలాలని కోరనూ కోరననీ తరువాత తనే చెప్పుకొన్నాడు. మరుసటి ఏడాది పందేలు మానేశాడు.

అందరూ ఫాంజియోను పొగుడుతారు, పొగడవలసినదే. నాకు మాత్రం ఆ నట్టు జారవిడిచిన మనిషి మనస్సులో మెదులుతూ ఉంటాడు. ఆ పది చుట్లూ, అంటే గంటన్నరసేపు, అతడు ఎక్కడ నిలబడ్డాడు, ఎవరి ముఖం చూశాడు? కెమేరా అటు తిరగలేదు.

తరువాతి ఇరవై ఏళ్ళకు పైగా యూరపు పందేలలో కావాలని ఆగడం చాలావరకు తగ్గిపోయింది. చిన్న ఇంజన్లు, తక్కువ చమురు, అరగని టైర్లు. ఈ విద్య అమెరికాలో బతికింది. వర్జీనియాలో స్టూవర్ట్ అనే పల్లెటూరి వుడ్ సోదరులు గ్లెన్, లెనర్డ్ అనేవాళ్ళు దీన్ని ఒక శాస్త్రం చేశారు. ఎవరు ఎటునుంచి రావాలి, ఎవరు ఏ చేత్తో ఏది పట్టాలి అని కదలిక కదలికకూ ఆలోచించి పెట్టుకున్నారు. 1965లో ఇండియనాపొలిస్‌లో ఫోర్డు కంపెనీవారు వాళ్ళను పిలిపించి జిమ్ క్లార్క్ కారు అప్పగించారు. అంతకుముందు నిమిషం పట్టే పని ఇరవై పాతిక సెకన్లలో తేల్చారు. క్లార్క్ గెలిచాడు. తరువాత 1982లో బ్రాబమ్ జట్టు ఇంజనీరు గోర్డన్ మర్రే ఆనాటి మజెరాటీ లెక్కను మళ్ళీ పైకి తీశాడు. సగం చమురు, మెత్తని టైర్లు, మధ్యలో ఒక మజిలీ. చల్లని టైరు పట్టదని చెక్క గూడు కట్టి గ్యాసు పొయ్యితో టైర్లను వేడిచేయించాడు. తమాషా ఏమిటంటే ఇంగ్లండులో మొదటిసారి ఇంత ఏర్పాటూ చేసుకుంటే, ఆగవలసిన వేళ రాకముందే కార్లు రెండూ చెడిపోయి కూర్చున్నాయి. ఆస్ట్రియాదాకా ఆగవలసివచ్చింది, ఆగడానికి.

ఇక ఫిడేలు సంగతి.

ఈ చిత్రాల్లో పాతరోజులు వచ్చినప్పుడల్లా ఫిడేలు మోగుతుంది. ఆ మనుషుల చొక్కాలు, టోపీలు, నూనె మరకల చేతులు, నవ్వులు చూస్తే ఎవరికైనా ఆ రోజులే బాగున్నాయనిపిస్తుంది. తెలుగు చెప్పేవాళ్ళం కనుక మేము అలా అనాలని లోకం ఎదురుచూస్తుంది కూడాను. కాని ఆ చేతులు పనిచేసిన చోటు ఎలాంటిదో చూడండి. లె మాన్‌లో కార్లు ఆగే చోటుకూ, పరుగెత్తే దారికీ నడుమ గోడ ఉండేది కాదు. 1955 జూన్ 11న హాథార్న్ తన జాగువార్‌ను ఆపడానికి బ్రేకు వేశాడు. వెనక వస్తున్న లాన్స్ మాక్లిన్ కారు తప్పుకోబోయి పక్కకు జరిగింది. దాని వెనక పియేర్ లెవే నడుపుతున్న మెర్సిడెస్ దాన్ని తగిలి గాలిలోకి లేచి జనంమీద పడింది. ఎనభైమందికి పైగా చనిపోయారు. తల్లిదండ్రులతో పందెం చూడవచ్చిన పిల్లలు వాళ్ళలో ఉన్నారు. లెవే వెనకనే వస్తూ వెంట్రుకవాసిలో తప్పించుకున్నవాడు ఫాంజియోయే. ఒక మనిషి తన మజిలీలో ఆగబోయాడు, అంతే జరిగింది. ఆ ముక్క వచ్చినప్పుడు ఫిడేలు ఆపేసే పాటి మర్యాద ఆ చిత్రాలు తీసినవాళ్ళకు ఉన్నందుకు సంతోషించాను.

మంటలు వేరే కథ. ఇండియనాపొలిస్ కార్లలో చాలాకాలం మెథనాల్ పోసేవారు. అది మండితే వెలుతురులో మంట కంటికి కనపడదు. 1981లో రిక్ మియర్స్ కారులో చమురు పోస్తుండగా అంటుకుంది. చిత్రంలో మనుషులు ఒంటిమీద చేతులతో కొట్టుకుంటూ అటూ ఇటూ గంతులు వేస్తారు. పూనకం వచ్చినవాళ్ళలా కనిపిస్తారేగాని నిప్పు మాత్రం ఎక్కడా కనిపించదు. డ్రైవరు ముఖం కాలుతున్నదని చుట్టుపక్కలవాళ్ళకు వెంటనే తెలియలేదు. చివరికి మంటలార్పే గొట్టం అందుకొని అతనిమీదికి తిప్పినవాడు కన్నతండ్రే, బిల్ మియర్స్. ఆ రాత్రి మా మామగారు మాతో మాట్లాడకుండా వెళ్ళి పడుకున్నారు.

1994లో జర్మనీలో హాకెన్‌హైమ్ దగ్గర యోస్ వెర్‌స్టాపెన్ కారుమీద పెట్రోలు చిమ్మి, కారూ మనుషులూ కలిసి ఒక్క పెద్ద నారింజరంగు బంతి అయిపోయారు. అదృష్టం, కాలిన గాయాలతో అందరూ బయటపడ్డారు. అప్పటికింకా పుట్టని అతని కొడుకు మాక్స్ 2021నుంచి వరుసగా నాలుగేళ్ళు ప్రపంచ విజేత అయ్యాడు. ఆ ఏడాదే ఇటలీలో ఇమోలా దగ్గర ఒక కారు చక్రం పిట్ సందులో ఊడి మెకానిక్కులను గాయపరిస్తే, ఆ సందులో ఇంతకంటె వేగంగా పోగూడదని హద్దు పెట్టారు. ఈనాడు మామూలుగా అది గంటకు 80 కిలోమీటర్లు. ఇక 2010నుంచి ఫార్ములా వన్ పందెం నడుమ చమురు పోయడమే మానిపించారు. ఇక్కడొక విచిత్రం చూడండి. చమురు పోయడానికి ఎలాగూ ఏడెనిమిది సెకన్లు పట్టేది కనుక, టైర్లవాళ్ళు అంతకంటె తొందరపడీ లాభం లేకపోయేది. నిప్పుకు భయపడి చమురు మానేశాక టైర్ల పని ఒక్కటే మిగిలింది. అప్పుడు దిగింది రెండు సెకన్లకు. 2023లో కతార్‌లో మెక్లారెన్ జట్టు నాలుగు టైర్లూ 1.80 సెకన్లలో మార్చింది. మన పాత లెక్కలో విఘడియ అంటే 24 సెకన్లు. 1950నాటి సుత్తివాడికి మూడు విఘడియలకు కొంచెం తక్కువ పట్టింది. వీళ్ళకు పట్టింది విఘడియలో పదమూడో వంతు.

ఇరవైమంది ఏం చేస్తారని మామగారు అడిగితే మా అమ్మాయి పలకమీద గీసి చూపించింది. చక్రానికి ముగ్గురు. ఒకడు గాలిమరతో నట్టు విప్పి బిగిస్తాడు, ఒకడు పాత చక్రం లాగుతాడు, ఒకడు కొత్తది పెడతాడు. ముందు జాకీకి ఒకడు, వెనక జాకీకి ఒకడు, కారు ఊగకుండా పట్టుకునేవాళ్ళు ఇద్దరు, ఇంకా అవసరానికి నిలబడేవాళ్ళు. "మరి నట్టు?" అన్నారాయన. నట్టు ఇప్పుడు చక్రానికే అంటిపెట్టుకొని వస్తుంది, జారిపడదు అని చెప్పింది. మామగారు చాలాసేపు తల పంకించారు. అంతమందిలో ఒక్కడైనా పక్కవాడి పని ముగిసిందా అని తిరిగి చూడడు. చూస్తే పుణ్యకాలం గడిచిపోతుంది. అయిందని చెయ్యి పైకెత్తుతాడు, అంతే.

అది కుదరనినాడు ఏమవుతుందో కూడా చిత్రాల్లో ఉన్నది. చమురు పోసే రోజుల్లో కారు ముందు ఒకాయన పొడుగాటి కర్రకు పలక తగిలించుకొని నిలబడేవాడు. ఆయన పలక ఎత్తితే పొమ్మని అర్థం. 2000లో స్పెయిన్‌లో పలక ముందే లేచింది. షూమాకర్ కారు కదిలి, గొట్టం పట్టుకొని ఉన్న మన స్టెప్నీ కాలికి దెబ్బ తగిలింది. 2008నాటికి ఫెరారీవారు పలక తీసేసి దీపాలు పెట్టారు. సింగపూరులో రాత్రిపూట పందెంలో ఫిలిపె మాసా అందరికంటె ముందున్నాడు. గొట్టం ఊడకముందే పచ్చదీపం వెలిగించారు. అతడు గొట్టాన్ని పీక్కుని ఈడ్చుకుంటూ పోయాడు. సందు చివర ఆగితే, ఎర్రబట్టల మెకానిక్కులు ఆ చివరిదాకా పరుగెత్తుకుంటూ వెళ్ళారు, బస్సు తప్పిపోయిన పెళ్ళివారిలా. ఆ ఏడాది మాసా ప్రపంచ పదవి ఒక్క పాయింటుతో పోగొట్టుకున్నాడు. 2021లో మొనాకోలో వాల్టెరీ బొటాస్ కారుకు నట్టు మర అరిగిపోయి చక్రం రాలేదు. పందెం వదులుకొని, కారును ఇంగ్లండు తీసుకుపోయి, రెండ్రోజుల తరువాత ఫ్యాక్టరీలో ఊడదీశారు. ఇది మామగారికి పరమానందం కలిగించింది. "చూశావా, ఎంతవాడికైనా ఒక్కోరోజు నట్టు రాదు" అన్నారు.

నేను వీటిని ఊరికే కాలక్షేపానికి చూడను. మా అమ్మాయికి పుట్టుకతోనే గుండెలో రంధ్రం ఉండేది. అయిదో ఏట, నగరంలో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. ఆపరేషన్ నాలుగు గంటలు నేను ఎలా కూర్చున్నానో నాకు గుర్తు లేదు. గుర్తున్నది దాని తరువాతి కొద్ది నిమిషాలు. థియేటరు తలుపు తెరుచుకొని తోపుడు మంచం వచ్చింది. ఆరుగురు తోస్తున్నారు. ఒకరి చేతిలో సిలిండరు, ఒకరి చేతిలో మందుల సీసాలు, మధ్యలో గొట్టాల అడుగున ఎక్కడో నా పిల్ల. పక్క వార్డు తలుపు దాటించి, ఇక్కడి తీగలు విప్పి అక్కడి యంత్రాలకు తగిలించాలి. తలుపుకున్న అద్దంలోంచి చూస్తున్నాను. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. "పాప బరువెంత?" అని ఎవరో అడిగారు. ఒకరు పదిహేను అన్నారు, ఒకరు కాగితం చూచి పదమూడు అన్నారు. నాకు తెలుసు. పద్నాలుగున్నర. తలుపు తోసి లోపలికి చెప్పాను. ఒక నర్సు తిరిగి చూచి, తల ఊపి, రాసుకున్నది. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడంలేదు. నా పిల్లను బతికించినవాళ్ళు వాళ్ళే. ఆ గదిలో మంచి చేతులకు కొరత లేదు.

లండనులో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ అనే పిల్లల ఆసుపత్రి ఉంది. అక్కడ చిన్నపిల్లల గుండెకు ఆపరేషన్లు చేసే మార్టిన్ ఎలియట్, ఆ పిల్లలను తరువాత కనిపెట్టుకొని ఉండే అలన్ గోల్డ్‌మన్ అనే డాక్టర్లు ఒకరోజు ఆపరేషన్ ముగించుకొని వచ్చి టీవీలో మోటారు పందెం చూస్తున్నారట. కారు ఆగింది, మనుషులు చుట్టుముట్టారు, కారు వెళ్ళిపోయింది. తాము పిల్లను థియేటరునుంచి వార్డుకు అప్పగించే ఘట్టమూ ఇదే గదా అని తోచింది. అవతల ఇరవైమంది మాట్లాడకుండా చేస్తున్నారు, ఇక్కడ తాము అరుచుకుంటున్నారు. ఇటలీ వెళ్ళి ఫెరారీవారిని కలిశారు. తాము చేసే పని చిత్రం తీసి వాళ్ళకు చూపించారు.

అక్కడ నేర్చుకున్నది తొందర కాదు. మొదట యంత్రాలూ తీగలూ మార్చాలి, అప్పుడు ఎవరూ నోరెత్తగూడదు. అవి కుదిరిన తరువాత మత్తు డాక్టరు ఒక్కరే, జాబితా చూసి, పిల్ల సంగతులన్నీ చెప్పాలి. మిగిలినవాళ్ళు వినాలి. ఆ తరువాతే చర్చ. ఆ సమయంలో ఎవరు పెద్దో ముందే తేల్చిపెట్టుకోవాలి, పలక పట్టుకొని నిలబడినవాడిలాగా. 2007లో వాళ్ళు అచ్చువేసిన లెక్కల ప్రకారం అప్పగింతల్లో పనిలో దొర్లే పొరపాట్లు 42 శాతం తగ్గాయి, చెప్పకుండా వదిలేసే సంగతులు సగానికి సగం తగ్గాయి. బరువు అలాంటి సంగతే కాబోలు. ఇది నేను నిరుడు చదివాను. చదివి మా అమ్మాయికి చెప్పాను. అది కాసేపు ఊరుకుని, "అయితే అమ్మా, ఆ రోజు పలక నువ్వు పట్టుకున్నావన్నమాట" అంది. దానికి ఆ రోజు ఏమీ గుర్తులేదు. మెడ కింద గీత ఒకటి ఉందంతే.

పందెం కళ్ళారా చూడాలని మామగారు ముచ్చటపడితే 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు వెళ్ళాం. హుసేన్ సాగర్ పక్కన కరెంటు కార్ల పందెం, ఫార్ములా ఇ. ఎండలో గంటసేపు కూర్చున్నాం. కార్లు ఈలవేసినట్టు చప్పుడు చేసుకుంటూ వస్తున్నాయి, పోతున్నాయి. మామగారు పది నిమిషాలకొకసారి, "ఎప్పుడాగుతాయమ్మా?" అంటారు. ఆగలేదు. అందులో టైర్లు మార్చరు, చమురు లేనే లేదు. జాన్ ఎరిక్ వెర్న్ అనే ఫ్రెంచివాడు గెలిచాడు, మేం ఇంటికి వచ్చేశాం. ఆ పందేలలోనూ 2014నుంచి 2018దాకా బ్యాటరీ చివరిదాకా చాలక డ్రైవరు మధ్యలో దిగి ఇంకో కారులోకి ఎక్కేవాడని మా అమ్మాయి రైల్లో చెప్పింది. పూర్వం టపాబండికి దారిలో గుర్రాలు మార్చినట్టే. సంస్కృతం మేష్టారికి ఈ మాట చెబితే ఎంతో తృప్తిపడ్డారు.

మామగారికి పాత బజాజ్ చేతక్ ఒకటి ఉంది, అమ్మనివ్వరు. పోయిన ఆదివారం వాకిట్లో దాని వెనక చక్రం పంక్చరయింది. మెకానిక్కును పిలుస్తానని మావారు ఫోను తీశారు. "ఎందుకు?" అని మామగారు పంచె ఎగ్గట్టి కూర్చున్నారు. ఎనభై ఏళ్ళ మనిషి. మా అమ్మాయి ఫోనులో గడియారం నొక్కి, "తాతయ్యా, మొదలు" అంది. ఆయన బండి పక్కకు వాల్చి, నట్లు ఒక్కొక్కటే విప్పి, లెక్కపెట్టి, చొక్కా జేబులో వేసుకొని, మరోసారి తడిమి చూసుకున్నారు. సగంలో కాఫీ అడిగారు. కాఫీ తాగుతూ, డిపోలో ఒక తుఫాను రాత్రి బస్సు చక్రం మార్చిన సంగతి మొదలుపెట్టారు. అది ముగిసేదాకా పానా కింద పెట్టి ఉంచారు. స్టెప్నీ బిగించి లేచేసరికి ఇరవై ఆరు నిమిషాల నలభై సెకన్లు. మా అమ్మాయి అది వంటింటి గోడమీది క్యాలెండరులో రాసిపెట్టింది.